రెండు వారాల స్ప్రింట్ మా ఆఫీసుకి పొసగడం లేదు: స్క్రమ్‌లో ఏది మార్చుకోవచ్చు, ఏది ముట్టుకోకూడదు?

బెజవాడబిల్లింగ్:

అందరికీ నమస్కారం. పోస్టు కాస్త పెద్దదే. మా ఆఫీసు సంగతి మొత్తం చెప్పకపోతే మీరు జవాబు చెప్పడం కష్టమని ఇంత రాస్తున్నాను.

మాది విజయవాడ. మందుల హోల్‌సేల్ వాళ్ళకి బిల్లింగ్, స్టాక్, జీఎస్టీ లెక్కలు చూసే సాఫ్ట్‌వేర్ తయారుచేస్తాం. మొత్తం 14 మందిమి. ఏడుగురు డెవలపర్లు, ఇద్దరు టెస్టర్లు, మిగతా ఐదుగురిలో కొందరు ఫోన్ మీద సపోర్టు చూస్తారు, కొందరు షాపులకి వెళ్ళి ఇన్‌స్టాల్ చేసి నేర్పించి వస్తారు. నేను ఆరేళ్ళ క్రితం డెవలపర్‌గా చేరాను, ఏడాదిన్నర నుంచి టీమ్ లీడ్‌ని. పది నెలల క్రితం దాకా మాకు పద్ధతంటూ ఏమీ లేదు. పొద్దున్నే సార్ (మా కంపెనీ ఓనర్) వచ్చి ఫలానా షాపాయన ఇది అడిగాడయ్యా అంటే ఎవరి చేతిలో పని తక్కువుంటే వాళ్ళు మొదలుపెట్టేవాళ్ళు, సాయంత్రానికి ఇంకో షాపాయన ఇంకోటి అడిగితే ఇది సగంలో ఆగేది.

పది నెలల క్రితం సార్ ఒక కన్సల్టెంట్‌ని పిలిపించారు. ఆయన రెండు రోజులు ట్రైనింగ్ ఇచ్చి, స్క్రమ్ అనే పద్ధతి పెట్టించారు: రెండు వారాల స్ప్రింట్ (ముందే అనుకున్న పనులు ఆ గడువులో పూర్తిచేయడం), పొద్దున స్టాండప్ (రోజూ చిన్న మీటింగు), స్టోరీ పాయింట్లు (పని ఎంత పెద్దదో చెప్పే అంకెలు), చివర్లో డెమో (చేసింది చూపించడం), రెట్రో (ఏది కుదిరింది, ఏది కుదరలేదో మాట్లాడుకోవడం) అన్నీ అమర్చి వెళ్ళారు. మొదటి రెండు నెలలు నిజంగా బాగుంది. ఎవరు ఏం చేస్తున్నారో మొదటిసారి అందరికీ తెలిసింది. ఏడాదిగా నానుతున్న ఎక్స్‌పైరీ రిటర్న్ మాడ్యూల్ ఆ రెండు నెలల్లోనే పూర్తయింది.

తర్వాత్తర్వాత కుదరడం మానేసింది. మా కస్టమర్లలో ఎక్కువమంది జీఎస్టీఆర్-1 (అమ్మకాల రిటర్న్) నెల నెలా 11వ తేదీలోపు, జీఎస్టీఆర్-3బి (పన్ను కట్టే రిటర్న్) 20వ తేదీలోపు వేయాలి. మధ్యలో 14న 2బి (పోర్టల్ ఇచ్చే కొనుగోళ్ళ లెక్క) వస్తుంది, కొనుగోళ్ళన్నీ దాంతో సరిచూసుకోవాలి. అంటే 8 నుంచి 20 దాకా మా ఆఫీసులో ఫోన్లు ఆగవు. స్ప్రింట్ రెండు వారాలే కాబట్టి దాదాపు ప్రతి రెండో స్ప్రింటూ ఆ రోజుల మీదే పడుతుంది.

పోయిన నెల 10వ తేదీ సాయంత్రం ఆరున్నరకి గుంటూరు నుంచి ఒక హోల్‌సేలర్ దగ్గర గుమస్తా ఫోన్ చేశాడు. హెచ్‌ఎస్‌ఎన్ సమ్మరీ (సరుకు కోడ్ వారీగా వేసే లెక్క) మొత్తానికీ బిల్లుల మొత్తానికీ 212 రూపాయలు తేడా వస్తోంది, ఆడిటర్ గారు ఎదురుగా కూర్చుని ఉన్నారు, ఇది తేలకుండా ఫైల్ చేయనంటున్నారు అని. మా కుర్రాడు అప్పుడు స్కీమ్ లెక్క (పదికి ఒకటి ఫ్రీ లాంటివి) మారుస్తున్నాడు, ఆ స్ప్రింట్‌లో పెద్ద పని అదే. దాన్ని పక్కన పెట్టి రాత్రి పదకొండింటి దాకా ఆ 212 రూపాయలు వెతికాడు. ఒక క్రెడిట్ నోట్ (సరుకు వెనక్కి వస్తే బిల్లు తగ్గిస్తూ ఇచ్చేది) సమ్మరీలోకి రాకుండా ఉండిపోయింది. తేల్చాడు, వాళ్ళు ఫైల్ చేసుకున్నారు. మర్నాడు స్టాండప్‌లో వీడి వంతు వచ్చేసరికి "స్కీమ్ పని నిన్న ఎక్కడుందో అక్కడే ఉంది" అన్నాడు. సార్ "అదేంటయ్యా, ఒక్క అడుగు కూడా కదల్లేదా" అన్నారు. ఆయనకి తెలియదు పాపం. రాత్రి చేసిన పని మా బోర్డు (పనుల చీటీలు అంటించేది) మీద ఎక్కడా లేదు. వాడి ముఖం చూడలేకపోయాను.

స్టాండప్ కూడా పదిహేను నిమిషాలది ముప్పావు గంట అవుతోంది, సార్ కూర్చుంటే అందరూ ఆయన వైపు తిరిగి లెక్క అప్పజెబుతున్నారు. ఇంక్రిమెంట్లప్పుడు ఎవరికెన్ని పాయింట్లు అని చూశారు, అప్పట్నుంచి మూడు పాయింట్ల పని ఎనిమిదైంది. రెట్రో మూడు నెలల నుంచి చేయడం లేదు, ప్రతిసారీ అవే ఫిర్యాదులు.

2025 సెప్టెంబరులో ఇంకోటి. 3న జీఎస్టీ కౌన్సిల్ నిర్ణయం, 22 నుంచి కొత్త రేట్లు, 12 శాతంలో ఉన్న మందులు 5కి వచ్చేశాయి, కొన్ని ప్రాణాధార మందులు సున్నాకి. చేతిలో 19 రోజులు. మా టీమ్‌లో స్క్రమ్ సర్టిఫికెట్ చేసిన ఒకతను స్ప్రింట్ మధ్యలో మార్చకూడదు, వచ్చే స్ప్రింట్‌లో పెడదాం అన్నాడు, పెద్ద గొడవైంది. చివరికి అన్నీ ఆపి అందరం ఒకే గదిలో కూర్చుని చేశాం. చెబితే నమ్మరు, పది నెలల్లో మేం బాగా పనిచేసిన రోజులు అవే.

నా ప్రశ్న ఇది. స్క్రమ్‌ని మా ఆఫీసుకి తగ్గట్టు మార్చుకోవచ్చా? మార్చుకుంటే ఏ ముక్క తీయొచ్చు, ఏది తీస్తే మళ్ళీ పాత రోజుల్లోకి జారిపోతాం? సార్ అయితే "ఇది మనకి పడదు, ఆపేద్దాం" అనే దాకా వచ్చారు. నాకు ఆపేయాలని లేదు.

కొండాపూర్_స్క్రమ్:

నేను స్క్రమ్ మాస్టర్‌గా (టీమ్‌లో ఈ పద్ధతి సరిగ్గా నడిచేలా చూసే పని) చేస్తున్నాను. మీరు మార్చాలనుకుంటున్న వాటిలో సగం అసలు స్క్రమ్‌లో లేనివి. 2020 నవంబరు స్క్రమ్ గైడ్ (ఈ పద్ధతి రూల్స్ ఉన్న పుస్తకం) ఒకసారి తీసి చదవండి, పదిహేను పేజీలు కూడా ఉండదు. అందులో స్టోరీ పాయింట్ల మాటే లేదు. స్టాండప్‌లో అడిగే ఆ మూడు ప్రశ్నలు (నిన్న ఏం చేశావు, ఇవాళ ఏం చేస్తావు, అడ్డేమైనా ఉందా) కూడా ఆ ఎడిషన్‌లో తీసేశారు. ఆ మీటింగు డెవలపర్లు తమ పని తాము సర్దుకోవడానికి, పైవాళ్ళకి లెక్క చెప్పడానికి కాదు. స్ప్రింట్ నెల రోజులకి మించకూడదని ఉంది తప్ప రెండు వారాలే ఉండాలని ఎక్కడా లేదు. స్ప్రింట్ లక్ష్యానికి అర్థం లేకుండా పోతే ప్రొడక్ట్ ఓనర్ (ఏ పని ముందో తేల్చే మనిషి) దాన్ని రద్దు చేయొచ్చు, అది కూడా రాసే ఉంది, కాబట్టి సెప్టెంబరులో మీరు చేసింది పూర్తిగా రూల్ ప్రకారమే.

అయితే గైడ్ చివర్లో ఇంకో మాట ఉంది, కొన్ని ముక్కలు మాత్రమే అమలు చేయొచ్చు గానీ అలా వచ్చింది స్క్రమ్ కాదు అని. రెట్రో మానేయడం ఆ కోవలోకే వస్తుంది. ముందు ఉన్నదాన్ని ఉన్నట్టు చేసి చూడండి, మార్పులు తర్వాత.

పాతకాపు98:

పైన కొండాపూర్ గారు చెప్పిన వాటిలో చాలా వరకు నిజం, చివరి మాట దగ్గర మాత్రం నేను ఆగుతాను. ఆ పేరు నిలబెట్టుకోవడం మీ పని కాదు. గుంటూరు గుమస్తా ఫైల్ చేసుకోవాలి, మీ కుర్రాడు మనిషిగా ఉండాలి, స్కీమ్ లెక్క పూర్తి కావాలి. ఈ మూడూ జరిగితే దాన్ని ఏ పేరుతో పిలిచినా ఫర్వాలేదు.

నేను 1998లో హైదరాబాద్‌లో ఉద్యోగంలో చేరాను, వై2కె (2000 సంవత్సరం తేదీల సమస్య) పనులు, సీఎమ్ఎమ్ (సాఫ్ట్‌వేర్ కంపెనీల పని తీరుని కొలిచే పద్ధతి) లెవెళ్ళ రోజులు. కాగితాలు చాలా ఉండేవి, అందులో అక్కరలేనివీ ఉండేవి. కానీ లెవెల్ 3లో టైలరింగ్ అనే విషయం ఒకటి ఉండేది. కంపెనీ మొత్తానికి ఒక ప్రామాణికమైన ప్రాసెస్ ఉంటుంది, ప్రతి ప్రాజెక్టూ దాన్ని తన ఒంటికి సరిపడా కత్తిరించుకోవచ్చు, కాకపోతే ఏం కత్తిరించావో, ఎందుకు కత్తిరించావో రాసిపెట్టాలి. ఆ అలవాటు నాకు ఇప్పటికీ అన్నం పెడుతోంది. రాయకుండా మారిస్తే ఆర్నెల్ల తర్వాత ఏది కావాలని మార్చామో ఏది బద్ధకంతో వదిలేశామో ఎవరికీ గుర్తుండదు. మీరు రెట్రో మానేసింది ఏ లెక్కలోకి వస్తుందో ఒకసారి ఆలోచించండి.

సపోర్టు సంగతికొస్తే, దీనికి మన ఊళ్ళోనే పాఠం ఉంది. 2004లో మైక్రోసాఫ్ట్ లోపలి ఐటీ విభాగానికి చిన్న చిన్న మార్పులు, బగ్‌లు చూసే టీమ్ ఒకటి హైదరాబాద్‌లో ఉండేది. చేతిలో ఎప్పుడూ పెద్ద క్యూ, ఒక రిక్వెస్టు తేలడానికి సుమారు ఐదు నెలలు. చూస్తే వాళ్ళ టైమ్‌లో పెద్ద భాగం పని చేయడానికి కాకుండా పని ఎంతసేపు పడుతుందో అంచనా వేయడానికే పోతోంది, ఎందుకంటే ఏ రిక్వెస్టు వచ్చినా రెండు రోజుల్లో అంచనా చెప్పాలని రూలు. డేవిడ్ ఆండర్సన్ అని అప్పట్లో మైక్రోసాఫ్ట్‌లో ఉన్నాయన, అక్కడి ప్రోగ్రామ్ మేనేజర్ కలిసి అంచనాలు ఆపించారు, ఒకేసారి చేతిలో ఉండే పనికి హద్దు పెట్టారు, ఖాళీ అయినప్పుడు తర్వాత ఏది తీసుకోవాలో అడిగినవాళ్ళనే తేల్చమన్నారు. ఏడాది తిరక్కుండా ఐదు నెలలు కాస్తా రెండు మూడు వారాలకి వచ్చింది. తర్వాత కాన్‌బాన్ అని పేరు పడిన పద్ధతికి తొలి అడుగుల్లో అదొకటి. మీ సపోర్టు పనికి సరిపోయేది ఇలాంటిదే. ఫోన్‌లో ఏం వస్తుందో ముందు తెలియదు కాబట్టి దాన్ని స్ప్రింట్‌లో ప్లాన్ చేయలేరు, అలాగని బోర్డు మీద లేకుండా చేయిస్తే మనుషులు నలిగిపోతారు.

అందుకని ముందు బోర్డుని రెండుగా చీల్చండి. పైన ఒక వరస ఫోన్ పనులకి, కింద కొత్త పనులకి. ఫోన్ పని ఏదొచ్చినా, అరగంటదైనా సరే, చీటీ పడాల్సిందే. పై వరసకి ఇద్దరు డెవలపర్లు, వంతులవారీగా మారుతూ ఉండాలి. ఆ ఇద్దరికీ ఆ రోజుల్లో కింది వరసలో పనే ఇవ్వకండి.

ఆ తర్వాత క్యాలెండర్. మీ నెల 21న మొదలై 20న ముగుస్తుంది, అది ప్రభుత్వం ఖాయం చేసింది, దాంతో పోట్లాడటం దేనికి? 21 నుంచి 7 దాకా కొత్త పని చేసి 7న రిలీజ్ ఇవ్వండి, 8 నుంచి 20 దాకా ఫోన్లు, చిన్న బగ్‌లు, వచ్చే నెల ఏం చేయాలో షాపుల వాళ్ళతో మాట్లాడుకోవడం. నెల లోపే కాబట్టి గైడ్ తోనూ పేచీ లేదు.

ఏది ముట్టుకోకూడదు అన్నారు కదా. నేను పెట్టుకున్న గీటురాయి ఇది: "మా పని తీరుకి కుదరట్లేదు" అని తీసేది వేరు, "చేస్తుంటే ఇబ్బందిగా ఉంది" అని తీసేది వేరు. రెండు వారాల లెక్క మొదటి రకం, తీసేయండి. డెమో, రెట్రో రెండో రకం, అవి ఇబ్బందిగా ఉండేదే చెడు కబురు ముందుగా చెబుతాయి కాబట్టి. నేను ఒకచోట పనిచేసినప్పుడు క్లయింటుకి తీరిక లేదని డెమోలు మానేశాం. అందరికీ హాయిగా ఉంది. ఆర్నెల్ల తర్వాత స్క్రీన్లు చూసి "మా గోడౌన్‌లో సరుకు ఇలా దిగదండీ" అన్నాడు. నాలుగు నెలల పని మళ్ళీ చేశాం, ఇద్దరు మంచి కుర్రాళ్ళు మానేసి వెళ్ళిపోయారు. ఆ ఇద్దరి పేర్లు నాకింకా గుర్తున్నాయి.

రెట్రోలో అవే ఫిర్యాదులు వస్తున్నాయంటే రెట్రో చెడ్డది కాదు, దాంట్లో తేలిన దాన్ని మార్చే అధికారం ఆ గదిలో ఎవరికీ లేదు. పది ఫిర్యాదులు రాసుకోకండి. ఒక్కటి తీసుకుని, అది తీరాలంటే సార్ చేతిలో ఉన్నదేమిటో అదే రోజు ఆయన్ని అడగండి.

బెజవాడబిల్లింగ్:

చాలా థాంక్స్ అండీ, హైదరాబాద్ టీమ్ సంగతి నాకు అస్సలు తెలియదు. బోర్డు చీల్చడం రేపే చేస్తాను. ఒక్కటే అనుమానం. పాయింట్లు తీసేస్తే సార్ "మరి ఎప్పటికవుతుంది" అని అడిగితే ఏం చెప్పాలి? ఆయన కస్టమర్‌కి తేదీ చెప్పాలి, అది తప్పు కాదు కదా. ఆయన చెడ్డ మనిషి కాదు, సొంత ఇల్లు తాకట్టు పెట్టి ఈ కంపెనీ నడిపారు ఒకప్పుడు. ఏం జరుగుతోందో తెలియక కంగారు పడతారు, అంతే.

పాతకాపు98:

మీ బోర్డు మీద మొదలుపెట్టి పూర్తికానివి ఎన్నున్నాయో లెక్కపెట్టండి. నెలకి సగటున ఎన్ని పూర్తవుతున్నాయో పాత రిలీజులు చూసి రాసుకోండి. మొదటిదాన్ని రెండోదాంతో భాగిస్తే ఒక్కో పనికి సగటున పట్టే కాలం వస్తుంది. లిటిల్స్ లా అంటారు, 1961లో జాన్ లిటిల్ రుజువు చేశారు, బ్యాంకు క్యూకైనా మీ బోర్డుకైనా ఒకటే లెక్క. ఉదాహరణకి 36 పనులు సగంలో ఉండి నెలకి 9 పూర్తవుతుంటే, ఇవాళ మొదలుపెట్టింది చేతికి రావడానికి నాలుగు నెలలు. అదే సగంలో ఉన్నవి 12కి తగ్గిస్తే, మనుషులు అంతే, వేగం అంతే, నలభై రోజులు. సార్‌కి ఈ రెండు అంకెలు గోడ మీద రాసి చూపించండి. వ్యాపారం చేసే మనిషి కదా, గోడౌన్‌లో నిలవ సరుకంటే ఏమిటో మనకన్నా ఆయనకే బాగా తెలుసు. సగంలో ఉన్న పని అంటే అలాంటి నిలవ సరుకే.

ఇంకోటి, ఇది గట్టిగా చెబుతున్నాను. మనిషికింత అని లెక్క ఏ రూపంలోనూ ఆయన ముందు పెట్టకండి, టీమ్ మొత్తానిదే పెట్టండి.

టెస్టింగ్‌లోఉన్నా:

నేను తొమ్మిదేళ్ళుగా టెస్టర్‌ని. పాతకాపు గారు చెప్పిన దాంట్లో ఒక్కటి మాత్రం నేను ఒప్పుకోను, 7న రిలీజ్ ఇవ్వమన్నారు. దయచేసి ఆ పని చేయకండి. 7న కొత్త వెర్షన్ షాపుల్లోకి వెళ్తే 8 నుంచి ఫైలింగ్ హడావుడి, దాంట్లో ఏ చిన్న తప్పున్నా సరిగ్గా రిటర్న్ వేసే రోజున బయటపడుతుంది, ఇద్దరు టెస్టర్లు ఏం చూడగలరు? రాసిన కోడ్ 8 నుంచి 20 దాకా ఆఫీసులోనే ఉండనివ్వండి, నమ్మకమైన రెండు మూడు షాపుల్లో నిజమైన డేటా మీద పక్కన నడిపి చూడండి, 21న అందరికీ ఇవ్వండి. ఏదైనా తేడా వచ్చినా తర్వాతి ఫైలింగ్‌కి పదిహేను రోజులకి పైగా టైమ్ ఉంటుంది. ఆ 13 రోజులు టెస్టర్లకి వరం అనుకోండి, ఇంతకాలం మాకు దక్కింది స్ప్రింట్ ఆఖరి రెండు రోజులే.

ఇంకో మాట. పద్ధతి మార్చేటప్పుడు అందరూ మీటింగుల గురించి మాట్లాడతారు, టెస్టర్ ఎప్పుడు గదిలోకి రావాలో ఎవరూ మాట్లాడరు. మీ స్కీమ్ లెక్కే తీసుకోండి. పదికి ఒకటి ఫ్రీ అని పదకొండు స్ట్రిప్పులు ఇచ్చారు. షాపాయన ఐదు వెనక్కి పంపాడు. ఇప్పుడు ఆ ఫ్రీ స్ట్రిప్పు ఎవరిది? క్రెడిట్ నోట్ ఐదింటికా, నాలుగున్నర చిల్లరకా? ఈ ప్రశ్న కోడ్ రాయకముందు అడిగితే ఐదు నిమిషాల మాట, రాశాక అడిగితే మూడు రోజుల పని. మా దగ్గర ఇప్పుడు ఏ పని మొదలుపెట్టినా టెస్టర్, డెవలపర్, సపోర్టు మనిషి ముగ్గురూ కూర్చుని కాగితం మీద మూడు నిజమైన బిల్లులు వేసి చూస్తారు. అది అయ్యాకే చీటీ కదులుతుంది. దీన్ని ఏమంటారో నాకు అక్కరలేదు, మా జీవితాల్ని బాగుచేసింది మాత్రం ఇదే.

డల్లాస్‌నుంచి:

నేను ఇక్కడ టెక్సాస్‌లో మెడికల్ పరికరాల సాఫ్ట్‌వేర్‌లో పనిచేస్తున్నాను, సొంతూరు తెనాలి, అందుకే ఈ థ్రెడ్ చూసి ఆగలేకపోయాను.

మా రంగంలో ఐఈసీ 62304 అని స్టాండర్డ్ ఉంది, 2006లో వచ్చింది. బయటివాళ్ళు ఇది ఉంటే ఎజైల్ (స్క్రమ్ లాంటి, కొంచెం కొంచెంగా చేస్తూ సర్దుకునే పద్ధతులు) కుదరదు అనుకుంటారు, నేనూ అలాగే అనుకున్నాను. తీరా చదివితే అది ఫలానా పద్ధతిలోనే చేయాలని ఎక్కడా చెప్పదు. ఏమేం పనులు జరగాలో, వాటికి ఆధారం ఏం ఉండాలో చెబుతుంది, ఏ వరసలో చేసుకుంటావన్నది నీ ఇష్టం. ఎజైల్‌ని దీనికి ఎలా అన్వయించుకోవాలో చెబుతూ 2012లో టీఐఆర్45 అని ఒక గైడ్ కూడా వచ్చింది. మేం లోపల రెండు వారాల స్ప్రింట్లే చేస్తాం, ఫార్మల్ వెరిఫికేషన్ మాత్రం రిలీజ్‌కి ముందు వేరేగా చేస్తాం.

మీకు దీంట్లోంచి పనికొచ్చేది ఒకటుంది. ఆ స్టాండర్డ్ సాఫ్ట్‌వేర్‌ని ఎ, బి, సి అని మూడు తరగతులు చేస్తుంది, తప్పు జరిగితే మనిషికి ఎంత హాని అన్న దాన్ని బట్టి. హాని పెరిగేకొద్దీ కట్టుదిట్టం పెరుగుతుంది. అంటే ఒకే ఆఫీసులో, ఒకే ప్రొడక్ట్‌లో కూడా అన్నిటికీ ఒకే పద్ధతి అక్కర్లేదు. మీ సాఫ్ట్‌వేర్‌లో రిపోర్టు హెడ్డింగు జరిపే పనికీ, బ్యాచ్ నంబర్ల పనికీ ఒకే రూలు ఎందుకు? సీడీఎస్‌సీఓ (కేంద్ర మందుల నియంత్రణ సంస్థ) నెల నెలా నాణ్యత లేని మందుల బ్యాచ్‌ల జాబితా ఇస్తుంది కదా, అందులో ఒక బ్యాచ్ ఉంటే ఏ షాపుకి ఎన్ని వెళ్ళాయో మీ స్క్రీన్ చూసే వెనక్కి తెప్పిస్తారు. అక్కడ తప్పు దొర్లితే ఆ మందు ఎవరో మింగుతారు. స్టాకు, బ్యాచ్, పన్ను, ఈ మూడింటిని ముట్టుకునే ఏ కోడ్ అయినా ఇద్దరు చూడాలి, రాతపూర్వకంగా టెస్టు ఉండాలి. మిగతావి త్వరగా వదిలేయండి. మొత్తానికి ఒకే కఠినమైన రూలు పెడితే కొన్నాళ్ళకి అలసిపోయి అన్నిచోట్లా సడలిస్తారు, నేను కళ్ళారా చూశాను.

"పూర్తయింది" అంటే ఏమిటో కూడా రాసుకోండి. మా దగ్గర డాక్యుమెంటు లేకపోతే ఆ పని పూర్తికానట్టే, చివర్లో ఒకేసారి రాసుకుందాం అన్న టీములు ఆడిట్ ముందు నెలలకి నెలలు నిద్ర లేకుండా గడిపాయి. మీకైతే సపోర్టు వాళ్ళకి చూపించడం కూడా అందులో ఉండాలేమో, ఫోన్ ఎత్తేది వాళ్ళే కదా.

కొండాపూర్_స్క్రమ్:

టెస్టింగ్‌లోఉన్నా గారు చెప్పిన 21వ తేదీ రిలీజ్ నాకు బాగా నచ్చింది. నేను పైన ఉన్నదాన్ని ఉన్నట్టు చేయండి అన్నది బెజవాడబిల్లింగ్ గారి ఫోన్ల ఒత్తిడి పూర్తిగా అర్థం కాక. సపోర్టుని వేరే వరసలో పెట్టడం సరైనదే. సార్‌ని స్టాండప్ నుంచి తప్పించడం ఎలాగో కూడా చూడండి, కానీ ఆయనకి బదులుగా ఏదో ఒకటి ఇవ్వాలి, లేకపోతే ఒక్కొక్కరి సీటు దగ్గరికి వచ్చి అడుగుతారు.

బెజవాడబిల్లింగ్ (మూడు నెలల తర్వాత):

అందరికీ మళ్ళీ నమస్కారం. చెప్పాల్సిన బాధ్యత ఉందని వచ్చాను.

బోర్డు చీల్చిన మొదటి నెలలో ఫోన్ వరసలో 61 చీటీలు పడ్డాయి. నాకే తెలియదు అన్ని ఉంటాయని. ఆ 61 చీటీలతో పాటు అంతకుముందు జరిగిన గుంటూరు పనికీ ఒక చీటీ రాసి, అన్నీ తీసుకెళ్ళి సార్ టేబుల్ మీద పరిచాను, నోటితో ఏమీ చెప్పలేదు. ఒక్కోటీ తీసి చదివారు, గుంటూరుది వచ్చినప్పుడు "ఇది రాత్రి పదకొండింటి దాకా చేశాడా" అని అడిగి ఆ కుర్రాణ్ణి పిలిచి మాట్లాడారు. ఆ తర్వాత ఇంకేం వాదించాల్సిన అవసరం రాలేదు.

ఇప్పుడు మా నెల 21 నుంచి 20. రిలీజ్ 21నే. ఫోన్ డ్యూటీకి ఇద్దరు, నెలకోసారి మారతారు. పాయింట్లు తీసేశాం, సగంలో ఉన్నవి 29 నుంచి 11కి వచ్చాయి, ఆ అంకె ఒక్కటే గోడ మీద ఉంటుంది. స్టాండప్ సార్ రాకముందే తొమ్మిది నలభైకి అయిపోతుంది, బదులుగా సోమవారం, గురువారం ఆయన్ని బోర్డు దగ్గరికి తీసుకెళ్ళి ఇరవై నిమిషాలు అన్నీ చూపిస్తున్నాను. కొండాపూర్ గారి మాట నిజం, అది లేకపోతే ఆయన ఉండలేకపోయేవారు. పన్ను, స్టాకు, బ్యాచ్ కోడ్‌కి ఇద్దరు చూడాలనే రూలు పెట్టాం. ఏం మార్చామో, ఎందుకు మార్చామో ఒక పేజీ రాసి బోర్డు పక్కన అంటించాం, తెలుగులోనే, సపోర్టు వాళ్ళు కూడా చదువుతారని.

అన్నీ కుదిరాయని కాదు. సంక్రాంతి సరిగ్గా ఫైలింగ్ రోజుల్లో పడింది, సగం మంది ఊళ్ళకి వెళ్ళిపోయారు, ఫోన్ డ్యూటీలో ఉన్న ఇద్దరూ చాలా ఇబ్బంది పడ్డారు. వచ్చే ఏడాదికి దాన్ని ముందే చూసుకోవాలని ఆ పేజీలో రాశాం. సార్ ఇంకా నెలకి ఒకటో రెండో పనులు మధ్యలో తెస్తారు, కానీ ఇప్పుడు "దీనికి బదులు ఏది ఆపుదాం" అని ఆయనే అడుగుతున్నారు.

రెట్రో మళ్ళీ మొదలైంది, 20 సాయంత్రం. మొదటిదాంట్లోనే సపోర్టులో ఉండే అమ్మాయి ఒక మాటంది, 10వ తేదీ వచ్చే ఫోన్లలో ఎక్కువ భాగం సమ్మరీ తేడాలే, అవి 5వ తేదీనే సాఫ్ట్‌వేర్ తానే చూసి చెప్పొచ్చు కదా అని. ఏడాదిగా ఆ అమ్మాయి అవే ఫోన్లు ఎత్తుతోంది, ఎవరూ అడగలేదు. ఆ చెక్ రాసింది గుంటూరు తేడా వెతికిన మా కుర్రాడే. ఈ నెల 5న నడిపితే ఒక్కరోజే పదకొండు షాపుల్లో సమ్మరీలోకి రాని క్రెడిట్ నోట్లు దొరికాయి, ఫోన్లు చేసి ముందే సరిచేయించాం. 10వ తేదీన వాడు ఏడింటికల్లా ఇంటికి వెళ్ళిపోయాడు. స్కీమ్ లెక్క పోయిన 21న వెళ్ళింది, ఆ ఫ్రీ స్ట్రిప్పు ప్రశ్నకి మూడు బిల్లులు వేసి చూసుకున్నాకే. ఈ 21 నుంచి డల్లాస్ గారు చెప్పిన బ్యాచ్ వెతికే స్క్రీన్ పట్టుకుంటున్నాం.